కొట్టు కట్టే వేళ

గుంటూరు బ్రాడీపేటలో మా నాన్నకి చిన్న కిరాణా కొట్టు ఉండేది. అప్పటికి ఇంకా షట్టర్ పెట్టించలేదు. చెక్క పలకలే తలుపులు. ఒక్కో పలక మీద పెయింటుతో నంబరు వేసి ఉండేది. రాత్రి తొమ్మిదయ్యేసరికి నాన్న గల్లా పెట్టె లెక్క చూసుకుని, చిట్టా రాసి, త్రాసు పళ్ళేలు తుడిచి, దేవుడి పటం ముందు కర్పూరం వెలిగించి బయటికి వచ్చేవాడు. గోడకి ఆనించిన పలకల్ని నేనూ తమ్ముడూ వరసన అందించేవాళ్ళం. ఆరో నంబరు ఇవ్వకుండా ఏడు ఇస్తే కుదరదు. చివరి పలక పెట్టి, అడ్డంగా ఇనుప పట్టీ వేసి, తాళం బిగించి, రెండుసార్లు గుంజి చూసేవాడు. ఆ తర్వాత సందులో ఎవరైనా ఎదురై "పావుకిలో పంచదార కావాలి బాబాయ్" అన్నా, "కొట్టు కట్టేశానమ్మా, పొద్దున్నే రా" అనేవాడు. తాళంచెవి ఆయన జేబులోనే ఉండేది. అయినా వెనక్కి వెళ్ళి తెరవడం నేను చూడలేదు.

దినచర్య గురించి ఎవరు మాట్లాడినా పొద్దుటి నుంచే మొదలుపెడతారు. ఎన్నింటికి లేవాలి, లేవగానే ఏం తాగాలి, ఎంతసేపు నడవాలి. నేను చెప్పదలుచుకున్నది దీనికి ఎదురు. ముఖ్యంగా ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేసేవాళ్ళకి దినచర్య రాత్రి నుంచి మొదలవ్వాలి. పని ఏ వేళకి ఆగుతుందో ముందు తేలాలి. అది తేలనంత కాలం ఎంత పొద్దున్నే లేచినా, ఎన్ని సూర్యనమస్కారాలు చేసినా మనసు కుదుటపడదు. నేను ఒళ్ళు చెడగొట్టుకుని ఈ సంగతి తెలుసుకున్నాను. మరొకరికి ఆ అవసరం రాకూడదని రాస్తున్నాను.

మేం విజయవాడ పటమటలో ఉంటాం. అమెరికా ఆసుపత్రుల బిల్లింగ్ చూసే కంపెనీలో నాది క్లెయిముల పని. ఇన్సూరెన్సువాళ్ళు తిప్పి పంపిన క్లెయిము ఎందుకు తిరిగొచ్చిందో చూసి, సరిచేసి మళ్ళీ పంపాలి. 2020 మార్చిలో లాప్‌టాప్‌లు ఇచ్చి ఇళ్ళకి పంపారు. ఆ తర్వాత మాకు ఆఫీసంటూ లేకుండా పోయింది. షిఫ్టు మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదకొండు దాకా. అది కాగితం మీద. మన రాత్రి పదకొండంటే అక్కడ న్యూయార్కులో వేసవిలో మధ్యాహ్నం ఒకటిన్నర, వాళ్ళ పని జోరు మీదుండే సమయం. నేను లాగౌట్ అయినా ఫోన్‌లో గ్రూపు ఆగేది కాదు. "ఒక్క నిమిషం మేడమ్, ఇది చూడండి" అని మొదలైతే రెండింటి దాకా నడిచేది. మళ్ళీ ఐదున్నరకి లేవాలి, పిల్లలకి ఎనిమిదింటికల్లా బస్సు.

మా ఆయనకి ఆటోనగర్‌లో లారీ విడిభాగాల షాపు ఉంది. ఎనిమిదిన్నరకి షట్టర్ దించి వస్తారు. ఆయన చేతులకి గ్రీజు వాసన ఉంటుంది గానీ, వెంట పని రాదు. నా పని మాత్రం మంచం పక్కన చార్జింగ్ పెట్టుకుని పడుకునేది. మా ఇద్దరికీ తేడా ఎక్కడుందో అప్పట్లో నాకు తట్టలేదు. ఆయనది ఓపికగల ఒళ్ళు, నాది కాదు అనుకునేదాన్ని.

2023 మే నెలలో ఒక రాత్రి గుండె పట్టేసినట్టయింది. ఊపిరి అందలేదు, వేళ్ళు చల్లబడ్డాయి. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఈసీజీ బాగానే ఉంది, రక్తపరీక్షలూ బాగానే ఉన్నాయి. తెల్లవారాక వచ్చిన పెద్ద డాక్టరమ్మ రిపోర్టులన్నీ చూసి, పక్కన పెట్టేసి, నా మంచం మీదే కూర్చుంది. తిండి, నిద్ర, ఇంటి సంగతులు అడిగింది. అన్నిటికీ చెప్పాను. తర్వాత, "పని ఎన్నింటికి ఆపుతావమ్మా?" అంది. పదకొండని చెప్పబోయి ఆగాను. మా ఆయన పక్కనే నిలబడి ఉన్నారు, ఆయన ముందు ఆ అబద్ధం ఆడలేకపోయాను. పని ఆపిన క్షణం ఇదీ అని చెప్పగలిగే రోజు గుర్తు తెచ్చుకుందామన్నా ఒక్కటీ రాలేదు. ఏడుపొచ్చింది.

ఆవిడ అడిగింది రోజు ముగింపు గురించి. నేను ఇంటికొచ్చి సరిచేయబోయింది రోజు మొదలుని. చాలామంది చేసే తప్పే ఇదని ఇప్పుడు అనిపిస్తుంది. ఐదింటికి లేవండి, చన్నీళ్ళు పోసుకోండి, డైరీ రాయండి అని చెప్పే వీడియోలు వరసగా చూశాను. నాలుగున్నరకి అలారం పెట్టి ఇందిరాగాంధీ స్టేడియానికి నడకకి వెళ్ళడం మొదలుపెట్టాను. అక్కడ ఆ వేళకే ఎంతమందో! రిటైరైనవాళ్ళు, వ్యాపారస్తులు, కబుర్లు చెప్పుకుంటూ హాయిగా తిరిగేవాళ్ళు. వాళ్ళు రాత్రి తొమ్మిదిన్నరకి పడుకుని లేచినవాళ్ళు. నేను రెండింటికి పడుకుని లేచినదాన్ని. మేమంతా ఒకే మట్టి మీద నడుస్తున్నాం కాబట్టి ఒకే పని చేస్తున్నామనుకున్నాను. పదకొండో రోజు స్కూటీ మీద తిరిగొస్తూ బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్లో కునికాను. వెనకవాళ్ళు హారన్ కొడితే తెలివొచ్చింది. ఆ రోజుతో మానేశాను. మానేసినందుకు పట్టుదల లేనిదాన్నని ఇంకో నెల నన్ను నేనే తిట్టుకున్నాను. అది నడక మానడం కన్నా ఎక్కువ నష్టం చేసింది.

మా మేనమామ తెనాలిలో ఉంటాడు, ఆయుర్వేద వైద్యం చేసి మానుకున్నాడు. ఓ ఆదివారం చూడ్డానికి వెళ్ళినప్పుడు ఇదంతా చెప్పాను. నేను బ్రాహ్మీముహూర్తం అనగానే ఆపాడు. "అమ్మడూ, వాగ్భటుడు ఆ వేళకి లేవమన్నది ఎవర్నే? స్వస్థుణ్ణి. ఒంట్లో బాగున్నవాణ్ణి. నువ్వు బాగున్నావా ఇప్పుడు?" అన్నాడు. వాగ్భటుడి ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయంలో సూత్రస్థానం అనే భాగంలో రెండో అధ్యాయం పేరే దినచర్య. దాంట్లో మొదటి శ్లోకంలోనే ఆ 'స్వస్థ' అనే మాట ఉందని తీసి చూపించాడు. వీడియోల్లో శ్లోకం చెప్పేవాళ్ళు ఆ ఒక్క మాటనీ దాటేసి పోతున్నారు. అదే అధ్యాయంలో వ్యాయామం సగం శక్తితోనే చెయ్యమని, అదీ చలికాలంలో, వసంతంలో అని, మిగతా కాలాల్లో ఇంకా తగ్గించమని ఉంది. నేను మొదలుపెట్టింది రోహిణి కార్తె ముందు. వేరే చోట, అలవాటు లేకుండా రాత్రి మేలుకోవాల్సి వస్తే మేలుకున్న దాంట్లో సగం సేపు పొద్దున ఏమీ తినకముందు పడుకోమనీ, ఎండాకాలంలో రాత్రులు చిన్నవి కాబట్టి పగటి నిద్ర మంచిదేననీ ఉంది. అన్ని వందల ఏళ్ళ కిందటి మనిషి ఇంత దయగా రాసిన దాన్ని మనం శిక్షలాగా మార్చుకున్నాం.

అయితే పొద్దున ఇంకో రెండు గంటలు పడుకోవాలంటే నేనొక్కదాన్నే అనుకుంటే సరిపోదు. మా ఇంట్లో నా నిద్ర మీద నలుగురి పొద్దుటి పని ఆధారపడి ఉంది. టిఫిను, రెండు క్యారేజీలు, పిల్లల జడలు, అత్తయ్యకి బీపీ మాత్ర. దినచర్య గురించి రాసేవాళ్ళలో ఎక్కువమందికి వాళ్ళ వెనక ఎవరో ఇవన్నీ చేసిపెడుతూ ఉంటారు. అందుకే అది ఒక మనిషి సంకల్పం సంగతిలాగా రాయగలుగుతారు. ఆడవాళ్ళకి ఐదింటికి లేవమని సలహా ఇచ్చేవాళ్ళు ఒక్కసారి ఆ ఐదింటికి ఇంట్లో స్టవ్ దగ్గర ఎవరున్నారో చూడాలి.

ఓ రాత్రి భోజనాల దగ్గర విషయం ఎత్తాను. ఏడున్నర దాకా పడుకుంటానన్నాను. మా ఆయన మాట్లాడలేదు. అత్తయ్య మజ్జిగన్నం కలుపుతూ, "పొద్దెక్కిందాకా పడుకుంటే ఎట్లాగమ్మాయ్?" అంది. నాకు కోపం వచ్చింది గానీ మింగేశాను. కాసేపాగి ఆవిడే, "రాత్రి దాహమేసి లేచినప్పుడల్లా నీ తలుపు కింద లైటే కనపడేది. అడుగుదామనుకునేదాన్ని. ఉద్యోగం సంగతి నాకేం తెలుస్తుందిలే అని ఊరుకునేదాన్ని" అంది. ఆ మాటతో సగం పని అయిపోయింది. రాత్రే కూరలు తరిగి పెట్టడం నా వంతు. పొద్దున ఇడ్లీ పొయ్యి మీదకి ఎక్కించడం, క్యారేజీలు సర్దడం ఆయన వంతు. జడలు అత్తయ్య వేస్తానంది. మొదటి వారం పెద్దది ఉప్పు లేని కూర తీసుకెళ్ళింది. ఏమీ మునిగిపోలేదు.

ఇక రాత్రి పదకొండు. ఆపడం అనుకున్నంత తేలిక కాదు. లాప్‌టాప్ మూసినా మనసు మూతపడదు. అప్పుడే నాన్న చిట్టా గుర్తొచ్చింది. పది నలభై ఐదుకి ఒక నోటుబుక్కు తీసి మూడు ముక్కలు రాయడం మొదలుపెట్టాను. ఇవాళ అయింది, మిగిలింది, రేపు రెండింటికి మొదట పట్టుకోవాల్సింది. రాసి, లాప్‌టాప్‌ని బీరువాలో పెట్టి, బీరువాకి తాళం వేస్తాను. తాళంచెవి వంటింట్లో పోపుల డబ్బా పక్కన ఉంటుంది. ఫోన్ హాల్లో చార్జింగ్. కాళ్ళు కడుక్కుని డాబా మీద పది నిమిషాలు నిలబడతాను. అంతే.

దీని గురించి తర్వాత చదివాను. 2018లో అమెరికాలో బేలర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 57 మంది యువతీ యువకుల మీద ఒక ప్రయోగం చేశారు. పడుకునే ముందు ఐదు నిమిషాలు కొందరిచేత అయిపోయిన పనులు రాయించారు, కొందరిచేత చెయ్యాల్సిన పనులు రాయించారు. చెయ్యాల్సినవి రాసినవాళ్ళు దాదాపు తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. చదివిన రోజు నాన్నకి ఫోన్ చేశాను. ఆయనకి అరువు ఖాతాలో వేలు ఇరుక్కుపోయిన రోజులు నాకు తెలుసు, దిగులు లేని మనిషేం కాదు. "రాత్రి పడుకున్నాక కొట్టు గుర్తొచ్చేది కాదా నాన్నా?" అన్నాను. "ఎందుకు రాదూ. చిట్టాలో రాశాగా, పొద్దున చూద్దాంలే అనుకునేవాణ్ణి" అన్నాడు.

పొద్దుటి సంగతి కొద్దిగా చెప్తాను, ఎందుకంటే రాత్రి కుదిరాక అది దానంతటదే చాలావరకు కుదిరింది. పన్నెండున్నరకి పడుకుని ఏడున్నరకి లేస్తాను, ఆదివారమైనా అంతే. లేవగానే డాబా మీదికి వెళ్ళి వెలుతురులో నిలబడతాను. మన మెదడులో ఒక గడియారం ఉంది, కంట్లో పడే వెలుతురుని బట్టి అది సరిదిద్దుకుంటుంది. ఇలాంటి గడియారం జీవకణాల్లో ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకి వైద్యంలో నోబెల్ ఇచ్చారు. రాత్రి తొమ్మిదింటి కాఫీ మానేశాను. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే ఇంచుమించు ఐదు గంటలు పడుతుంది. అంటే నేను రెండింటి దాకా మేలుకోవడానికి కావలసిన సామాను నేనే సర్దుకుంటున్నానన్నమాట. ఫిల్టరు కాఫీ ఇప్పుడు మధ్యాహ్నం రెండింటికే, కొట్టు తెరిచేటప్పుడు.

నడక మాత్రం కాలాన్ని బట్టి. బెజవాడని ఊరికే బ్లేజ్‌వాడ అనలేదు. మే నెలలో ఎనిమిదింటికే ఎండ చురుక్కుమంటుంది, రాత్రి పదింటికి కూడా శ్లాబు సెగ కక్కుతుంటుంది. ఎండలు ముదిరిన రెండు నెలలూ మా అపార్టుమెంటు సెల్లార్లో కార్ల మధ్యే ఇరవై నిమిషాలు తిరుగుతాను, మధ్యాహ్నం భోజనం చేశాక అరగంట పడుకుంటాను. దసరా వెళ్ళాక కృష్ణ ఒడ్డుకి వెళ్తాను. వారానికి 150 నిమిషాలు ఓ మోస్తరుగా ఒళ్ళు కదిలిస్తే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది, నాకు అటూ ఇటుగా సరిపోతోంది. మా నాన్నకి తెలిసిన మిర్చి వ్యాపారులంతా ఎండాకాలం లెక్క వేరుగా చూసుకునేవాళ్ళే. గుంటూరు మిర్చి యార్డుకే ఎండలు ముదిరాక సెలవులిస్తారు. అన్ని కోట్ల సరుకు ఆగగా లేనిది, నా నడక పన్నెండు నెలలూ ఒకే వేళకి సాగాలని పట్టుబట్టడం ఎందుకు?

ఆఫీసు సంగతి ఇంటికన్నా కష్టమైంది. పదకొండు తర్వాత మెసేజ్ చూడను, నిజంగా మించిపోయేదైతే ఫోన్ చెయ్యండి అని టీమ్ లీడ్‌కి చెప్పాను. "అందరూ చూస్తున్నారు కదా మేడమ్, మీరొక్కరే అంటే ఎలా?" అన్నాడు. చిన్నపిల్లాడు, అతని మీదా ఒత్తిడి ఉంది. మొదటి నెల నాకు చాలా టెన్షన్‌గా ఉండేది, హాల్లో ఫోన్ వెలిగితే లేచి వెళ్ళాలనిపించేది. మూడు నెలల్లో ఫోన్ మోగింది రెండుసార్లు. అంతకుముందు రాత్రికి నలభై, యాభై మెసేజులు వచ్చేవి. అవన్నీ అర్జంటు కాదని, పదకొండు దాటినా జవాబు వస్తుందని తెలిసి పంపినవేనని అప్పుడు అర్థమైంది.

ఆ 2023 అక్టోబరులోనే ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు కుర్రవాళ్ళు వారానికి 70 గంటలు పని చెయ్యాలన్నారు. మా గ్రూపులో కూడా దాని మీద వాదన జరిగింది, మెచ్చుకున్నవాళ్ళే ఎక్కువ. ఆయన మీద నాకు గౌరవం ఉంది, ఈ మాట మాత్రం నేను ఒప్పుకోను. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఇచ్చిన అంచనా ఉంది. వారానికి 55 గంటలు, ఆ పైన పని చేసేవాళ్ళకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్ళతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. రాత్రి మెసేజులు కలుపుకుంటే నావి 60 దాటేవి. జీతం మాత్రం 48కి.

పైగా నాకు బీరువా తాళం నా చేతిలో ఉంది. నైట్ డ్యూటీ నర్సుకి, తెల్లవారుజామున బీసెంట్ రోడ్డు ఊడ్చే మనిషికి, యార్డులో మిర్చి బస్తాలు మోసే హమాలీకి అది వాళ్ళ చేతిలో లేదు. వాళ్ళ కొట్టు కట్టే వేళని యజమానులు, చట్టాలు రాస్తాయి. ఫ్యాక్టరీల్లో పెద్దవాళ్ళచేత రోజుకి 9 గంటలకి మించి పని చేయించకూడదని 1948 నాటి చట్టం అంది. 2025లో మన రాష్ట్ర ప్రభుత్వం దాన్ని 10 చెయ్యాలని నిర్ణయించింది. రోజుకి ఒక్క గంటే కదా అనేవాళ్ళకి, ఆ గంట ఎవరి నిద్రలోంచి వస్తుందో, ఏ తల్లి పిల్లలతో కూర్చునే వేళలోంచి వస్తుందో ఆలోచించమని అడుగుతున్నాను. ధ్యానం చెయ్యండి, కృతజ్ఞత డైరీ రాయండి అని ఉద్యోగులకి పాఠాలు చెప్పించే కంపెనీలు ఆ పాఠం క్లాసుని కూడా షిఫ్టు అయ్యాకే పెడతాయి.

ఇదంతా ఒకసారి కుదిరి అలాగే ఉండిపోలేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. మా ఆడపడుచు వాళ్ళ ఇల్లు అక్కడే. పడవలో బయటపడి, ఐదుగురూ తడిబట్టలతో మా ఇంటికి వచ్చారు. పన్నెండు రోజులు పది మందిమి. నిద్ర లేదు, చిట్టా లేదు, ఎవరు ఎప్పుడు తిన్నారో తెలియదు. తర్వాత వాళ్ళింట్లో బురద ఎత్తిపోసే పని. నెలాఖరుకి నేను మళ్ళీ రాత్రి ఒంటిగంటకి మెసేజులకి జవాబులిస్తూ పట్టుబడ్డాను. అయిపోయింది, అంతా పోయింది అనుకున్నాను. 21 రోజులు చేస్తే అలవాటవుతుందని, మధ్యలో తప్పితే మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టాలని చెప్తుంటారే, ఆ మాట నా తలలో అంత లోతుగా దిగింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలు 96 మందిని గమనించి తేల్చింది వేరు. ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. నాకు తప్పింది ఒక రోజు కాదు, నెల. అయినా అన్నీ ఒకేసారి పట్టుకోలేదు. చిట్టా ఒక్కటే మళ్ళీ మొదలుపెట్టాను. దాని వెనక తాళం వచ్చింది, తాళం వెనక నిద్ర వచ్చింది. దీపావళికి ముందే మిగతావీ సర్దుకున్నాయి.

ఇంకో మాట దాచకూడదు. మొదట్లో నాలుగు నెలలు నేను కౌన్సెలింగుకి కూడా వెళ్ళాను. నోటుబుక్కు, తాళం ఆ గుండెదడని పూర్తిగా తగ్గించలేదు, దాని గురించి మాట్లాడాల్సి వచ్చింది. రెండు వారాలు దాటినా దేని మీదా ఆసక్తి లేకుండా, నిద్ర పట్టకుండా, బతుకు బరువుగా ఉంటే దినచర్య మార్చుకుని చూద్దాంలే అని ఆగకండి. డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వెళ్ళడానికి మొహమాటంగా ఉంటే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416కి ఫోన్ చెయ్యండి, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మా అత్తయ్య చెల్లెలి కోసం ఈ మధ్య నేనే కలిపి ఇచ్చాను.

నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. మాకూ న్యూయార్కుకీ తొమ్మిదిన్నర గంటల తేడా పదిన్నర అవుతుంది. పోయిన వారం మీటింగులో, ఆ రోజు నుంచి షిఫ్టు చివర పన్నెండు దాకా ఉండమని అడిగారు. మొదలు మాత్రం రెండింటికే. పన్నెండంటే పడుకునేసరికి ఒకటిన్నర. పిల్లలు స్కూలుకి వెళ్ళేముందు వాళ్ళ మొహం చూసే అరగంట పోతుంది. పన్నెండు దాకా ఉంటాను, అయితే మొదలు కూడా మూడింటికి జరపండి, లేదంటే నాకు పదకొండే అని మెయిల్ రాశాను. రెండుసార్లు చదివి, ఒక మాట మెత్తగా మార్చాను. ఇంకా పంపలేదు. పది యాభై అయింది. రేపు రెండింటికి మొదట చేయాల్సింది అదేనని చిట్టాలో రాసి బీరువా తాళం వేస్తున్నాను.